లాసెట్‌లో అర్హత సులువు... ర్యాంకే కష్టం
సగం మార్కులు న్యాయ అభిరుచి విభాగానివే * చెల్లిపోయిన సెక్షన్ల గైడ్లతో జాగ్రత్త * ఓపెన్ డిగ్రీ అభ్యర్థులు ముందే చూసుకోవలసిన నిబంధన

కళ్యాణదుర్గం: కోర్టు ఆవరణలో వాయిదా కోసం పొద్దుటి నుంచి వేచివుండే కక్షిదారుల్లో చాలామందికి ఒక కోరిక ఉంటుంది. పొలం గట్టు తగాదాతోనో, భాగపంపకాల దావాతోనో ఏళ్ల తరబడి తిరిగిన తమకు తెలియని ఈ న్యాయశాస్త్రాన్ని తమ బిడ్డయినా చదవాలన్నదే ఆ కోరిక. ఏటా లాసెట్ ప్రకటన వెలువడగానే ఇంటర్ రాసిన పిల్లలు, డిగ్రీ ముగించి ఊళ్లో ఉన్న యువకులు, నలభై దాటిన ఉద్యోగులు సైతం ఇంటర్నెట్ కేంద్రాల వద్ద బారులు తీరుతున్నారు. అయితే వీరిలో అధిక సంఖ్యాకులు ఈ పరీక్షను తేలిగ్గా తీసుకుని నష్టపోతున్నారు. 120 మార్కులకు 42 వస్తే అర్హత లభిస్తుంది కనుక పది రోజులు గైడు తిరగేస్తే చాలునన్న అభిప్రాయం గ్రామాల్లో బలంగా ఉంది. ఆ 42 మార్కులు తెచ్చుకోవడం నిజంగానే కష్టం కాదు. కాని విశ్వవిద్యాలయ న్యాయ కళాశాలలో తక్కువ ఫీజుతో చదవాలా, ఎక్కడో దూరాన ఉన్న ప్రైవేటు కళాశాలలో యాజమాన్యం చెప్పినంత చెల్లించి చదవాలా అన్నది తేల్చేది అర్హత కాదు, ర్యాంకు. రెక్కల కష్టం మీద బతికే కుటుంబానికి ఈ రెండింటి మధ్య తేడా చాలా పెద్దది.

ఈ విలేఖరి కూడా డిగ్రీ పూర్తయిన ఏడాది లాసెట్ రాసినవాడే. అప్పట్లో ఓఎంఆర్ పత్రం మీద గడులు నింపవలసి ఉండేది. బస్టాండు పక్కన కొన్న ఒకే ఒక్క గైడును నమ్ముకుని వెళ్లడంతో అర్హత వచ్చింది, సీటు రాలేదు. ఆనాడు చేసిన పొరపాట్లనే నేటి అభ్యర్థులూ చేస్తుండడం చూసి ఈ వివరాలు అందించడమైనది.

పరీక్ష స్వరూపం

రాష్ట్ర విభజన అనంతరం 2015 నుంచి ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలు వేర్వేరుగా లాసెట్ నిర్వహిస్తున్నాయి. ఉన్నత విద్యామండలి తరఫున ఒక్కో విశ్వవిద్యాలయం ఈ బాధ్యత స్వీకరిస్తుంది. ఇంటర్ తర్వాత చదివే ఐదేళ్ల కోర్సుకు, డిగ్రీ తర్వాత చదివే మూడేళ్ల కోర్సుకు ప్రశ్నపత్రాలు వేరుగా ఉన్నా స్వరూపం మాత్రం ఒకటే. మొత్తం 120 ప్రశ్నలు, 120 మార్కులు, 90 నిమిషాల వ్యవధి. ‘ఎ’ విభాగంలో సాధారణ పరిజ్ఞానం, మానసిక సామర్థ్యంపై 30 ప్రశ్నలు. ‘బి’ విభాగంలో వర్తమాన వ్యవహారాలపై 30 ప్రశ్నలు. ‘సి’ విభాగంలో న్యాయవిద్య పట్ల అభిరుచిని పరీక్షించే 60 ప్రశ్నలు ఉంటాయి. తప్పు సమాధానానికి మార్కుల కోత లేదు. సాధారణ, వెనుకబడిన తరగతుల అభ్యర్థులకు 35 శాతం, అంటే 42 మార్కులు, కనీస అర్హత. ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు కనీస మార్కుల నిబంధన లేదు. పరీక్ష కంప్యూటర్ మీద జరుగుతుంది. ప్రశ్నలు ఇంగ్లిష్‌తో పాటు తెలుగులోనూ కనిపిస్తాయి.

తెలుగు మాధ్యమంలో చదువుకున్నవారికి ఈ చివరి అంశమే కొండంత అండ. హైదరాబాదులోని నల్సార్, విశాఖపట్నంలోని దామోదరం సంజీవయ్య విశ్వవిద్యాలయం వంటి జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాల్లో ఐదేళ్ల కోర్సుకు ‘క్లాట్’ అనే అఖిల భారత పరీక్ష రాయాలి. అది పూర్తిగా ఇంగ్లిష్‌లోనే ఉంటుంది. రెండు గంటల వ్యవధిలో పెద్ద పెద్ద పేరాలు చదివి 120 ప్రశ్నలకు జవాబులు గుర్తించాలి. ప్రతి తప్పు జవాబుకు పావు మార్కు తగ్గిస్తారు. ఇంగ్లిష్ పత్రికను నిఘంటువు అవసరం లేకుండా చదవగలిగిన ఇంటర్ విద్యార్థులు క్లాట్‌కూ ప్రయత్నించవచ్చు. మిగిలినవారు లాసెట్ మీదే పూర్తి దృష్టి నిలపడం మేలు.

దరఖాస్తుకు ముందే చూసుకోవాలి

మూడేళ్ల కోర్సుకు డిగ్రీలో, ఐదేళ్ల కోర్సుకు ఇంటర్‌లో ఓసీలకు 45, బీసీలకు 42, ఎస్సీ, ఎస్టీలకు 40 శాతం మార్కులు ఉండాలి. చివరి సంవత్సరం పరీక్షలు రాస్తున్నవారూ దరఖాస్తు చేసుకోవచ్చు. వయోపరిమితి అమలులో లేదు. ఐదేళ్ల కోర్సుకు 20 ఏళ్లు, మూడేళ్ల కోర్సుకు 30 ఏళ్లు మించరాదని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నిబంధన తెచ్చినా అది న్యాయస్థానాల్లో వివాదాస్పదమైంది. 2017లో సుప్రీంకోర్టు దానిపై స్టే ఇచ్చింది. అందువల్లనే తండ్రీకొడుకులు ఒకే ఏడాది లాసెట్ రాయడం మన ప్రాంతంలో వింతగా అనిపించడం లేదు.

ఇంతవరకు అందరికీ తెలిసినదే. తెలియనిది మరొకటి ఉంది. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2008లో రూపొందించిన న్యాయవిద్య నిబంధనల ప్రకారం పదో తరగతి, ఇంటర్, డిగ్రీ ఒక వరుసలో చదివి ఉండాలి. ఇంటర్‌ను ఓపెన్ స్కూలు ద్వారా, డిగ్రీని దూరవిద్య ద్వారా పూర్తిచేసినా ఇబ్బంది లేదు. కాని ఇంటర్ చదవకుండా, సార్వత్రిక విశ్వవిద్యాలయం నిర్వహించే అర్హత పరీక్ష రాసి నేరుగా డిగ్రీ పొందినవారు న్యాయవిద్యకు అనర్హులు. పదో తరగతితో చదువు ఆపి, తర్వాత కుటుంబ భారం మోస్తూ ఓపెన్ డిగ్రీ తెచ్చుకున్నవారు పల్లెల్లో తక్కువేమీ కాదు. వారి డిగ్రీ మరికొన్ని అవసరాలకు చెల్లవచ్చునేమో గాని న్యాయవాదిగా నమోదు కావడానికి చెల్లదు.

మా చుట్టుపక్కల గ్రామానికి చెందిన ఒక చిరువ్యాపారి ఇలాగే నాలుగు నెలలు కష్టపడి మంచి ర్యాంకు తెచ్చుకున్నారు. ధ్రువపత్రాల పరిశీలనలో ఇంటర్ మార్కుల జాబితా అడిగేవరకు ఈ విషయం ఆయనకు తెలియదు. దరఖాస్తు నింపిన ఇంటర్నెట్ కేంద్రం నిర్వాహకునికీ తెలియదు. లాసెట్ దరఖాస్తును కంప్యూటర్ స్వీకరించినంత మాత్రాన అర్హత ఉన్నట్లు కాదని అభ్యర్థులు గ్రహించాలి. ఇటువంటివారు ముందుగా ఇంటర్, ఆపై క్రమపద్ధతిలో డిగ్రీ పూర్తిచేయడం తప్ప దగ్గరిదారి లేదు. ఎవరైనా ఉందని చెబితే నమ్మవద్దు.

అలాగే న్యాయశాస్త్రాన్ని దూరవిద్యలో చదివి న్యాయవాది కావడం కుదరదు. ప్రతి సబ్జెక్టులో 70 శాతం హాజరు ఉండాలన్నది నిబంధన. కళాశాలకు రానవసరం లేదు, పరీక్షలు రాస్తే చాలునని ఆశ చూపే చోట్ల చేరి చిక్కుల్లో పడిన ఉద్యోగుల ఉదంతాలు అడపాదడపా వినిపిస్తూనే ఉన్నాయి. ఎంచుకునే కళాశాలకు ఆ ఏటి బార్ కౌన్సిల్ అనుమతి ఉన్నదీ లేనిదీ కూడా చూసుకోవాలి.

60 మార్కుల గని

ర్యాంకును నిర్ణయించేది ‘సి’ విభాగం. విచిత్రమేమంటే అభ్యర్థులు అన్నిటికన్నా ఆలస్యంగా చేతపట్టేది కూడా దీన్నే. న్యాయశాస్త్రం చదవడానికే కదా వెళ్తున్నది, ముందే ఎలా తెలుస్తుందన్నది వారి వాదన. ఇక్కడ అడిగేది న్యాయవాదికి ఉండవలసిన పాండిత్యం కాదు. రాజ్యాంగం మౌలికాంశాలు, ఒప్పందాలు, అపకృత్యాలు, నేరాలకు సంబంధించిన ప్రాథమిక సూత్రాలు, న్యాయ పరిభాష తెలిస్తే చాలు.

మొదట రాజ్యాంగంతో ప్రారంభించడం ఉత్తమం. ప్రవేశిక, ప్రాథమిక హక్కులు, ఆదేశిక సూత్రాలు, ప్రాథమిక విధులు, రాష్ట్రపతి, పార్లమెంటు, సుప్రీంకోర్టు, హైకోర్టు, అత్యవసర పరిస్థితి, సవరణ విధానం, 12 షెడ్యూళ్లు అనే క్రమంలో చదవాలి. అధికరణల సంఖ్యలను విడివిడిగా బట్టీపడితే పరీక్షనాటికి ఒకదానితో ఒకటి కలిసిపోతాయి. కథగా అల్లుకుంటే నిలుస్తాయి. ఉదాహరణకు రాజమండ్రిలో పుట్టిన కోకా సుబ్బారావు భారత ప్రధాన న్యాయమూర్తిగా ఉండగా 1967లో గోలక్‌నాథ్ కేసులో ప్రాథమిక హక్కులను పార్లమెంటు హరించలేదని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 1973లో కేశవానంద భారతి కేసులో 13 మంది న్యాయమూర్తుల ధర్మాసనం ఆ తీర్పును పక్కనపెట్టి, రాజ్యాంగంలో ఏ భాగాన్నయినా సవరించవచ్చు గాని మౌలిక స్వరూపాన్ని మార్చరాదని 7-6 ఆధిక్యతతో తేల్చింది. 1976లో 42వ సవరణ వచ్చింది. ప్రవేశికలో సామ్యవాద, లౌకిక పదాలు చేరాయి, ప్రాథమిక విధులు ఏర్పడ్డాయి. 1978లో 44వ సవరణతో ఆస్తిహక్కు ప్రాథమిక హక్కుల నుంచి తొలగి 300ఎ అధికరణ కిందికి చేరింది. ఈ పదకొండేళ్ల కథ ఒక్కటి చక్కగా తెలిస్తే ఎన్నో ప్రశ్నలకు జవాబులు దొరుకుతాయి.

మన నేలకు సంబంధించిన కేసులను ఎట్టి పరిస్థితుల్లోనూ వదలరాదు. 1993 నాటి ఉన్నికృష్ణన్ కేసులో ప్రతివాది ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమే. 14 ఏళ్ల వయసు వరకు విద్య పొందడం జీవించే హక్కులో భాగమన్న ఆ తీర్పు ఫలితమే 2002లో 86వ సవరణ ద్వారా చేరిన 21ఎ అధికరణ. 1997లో వచ్చిన సమత తీర్పు విశాఖ మన్యంలోని అనంతగిరి గనుల వివాదం నుంచి పుట్టింది. షెడ్యూల్డు ప్రాంతాల్లో భూములను గిరిజనేతరులకు, ప్రైవేటు సంస్థలకు గనుల కోసం ప్రభుత్వం లీజుకివ్వరాదని సుప్రీంకోర్టు అందులో స్పష్టం చేసింది. విద్య, ఉద్యోగాల్లో స్థానికత గురించి చెప్పే 371డి అధికరణ ప్రత్యేక తెలంగాణ, జై ఆంధ్ర ఉద్యమాల అనంతరం 1973లో 32వ సవరణ ద్వారా వచ్చింది. సీటు కోసం స్థానిక ధ్రువపత్రం పట్టుకుని తిరిగే అభ్యర్థికి ఆ పత్రం వెనుక ఉన్న అధికరణ తెలియకపోతే ఎలా?

సూత్రం చెప్పినదే జవాబు

అభిరుచి విభాగంలో ఒక న్యాయసూత్రం, ఒక సంఘటన ఇచ్చి నిర్ణయం అడిగే ప్రశ్నలు కొన్ని వస్తుంటాయి. క్లాట్‌లో ఇవి మరీ ఎక్కువ. బాగా చదివేవారు కూడా వీటిలో తడబడడానికి కారణం ఒక్కటే. వారు సూత్రాన్ని వదిలి మనసుకు తోచిన న్యాయం చెబుతారు.

జాతరలో ఎద్దుల బండలాగుడు పోటీ జరుగుతోంది అనుకుందాం. ఇచ్చిన సూత్రం: అపాయం ఉందని తెలిసీ ఇష్టపూర్వకంగా అందుకు సిద్ధపడినవారు నష్టపరిహారం కోరలేరు. నిర్వాహకులు కట్టిన తాడు దాటి లోపలికి వెళ్లిన ప్రేక్షకుడిని ఎద్దు కుమ్మింది. అతను పేదవాడు, ఇద్దరు పిల్లలు ఉన్నారని ప్రశ్నలో రాసి ఉంటుంది. పరిహారం ఇప్పించాలని మనసు చెబుతుంది. సూత్రం మాత్రం వద్దంటుంది. సూత్రం చెప్పినదే సరైన జవాబు. ఇప్పుడు సంఘటన కొంచెం మారుద్దాం. ప్రేక్షకుడు నిర్వాహకులు చూపిన చోటనే కూర్చున్నాడు, నాసిరకంగా కట్టిన మెట్ల గ్యాలరీ కూలి గాయపడ్డాడు. ఆటలో సహజంగా ఉండే అపాయానికి అతను సిద్ధపడ్డాడే గాని నిర్వాహకుల నిర్లక్ష్యానికి కాదు. కాబట్టి పరిహారం లభిస్తుంది. రెండు సంఘటనల మధ్య తేడాను పట్టుకోవడమే ఈ ప్రశ్నల్లోని పరీక్ష. దీనికి లాటిన్ పేరు ‘వాలెంటై నాన్ ఫిట్ ఇంజ్యూరియా’. పేరు బట్టీపడితే ఒక ప్రశ్నకే పనికి వస్తుంది. తేడా అర్థమైతే ఎన్ని విధాలుగా మార్చి అడిగినా జవాబు చెప్పవచ్చు.

లాటిన్ సూక్తులన్నిటినీ ఇలాగే ఊరి అనుభవంతో జోడించుకోవాలి. ఏళ్లుగా కిరాణా దుకాణం నడుపుతున్న వ్యక్తి ఎదుట మరొకరు దుకాణం తెరిచి తక్కువ ధరకు అమ్మితే మొదటివారికి నష్టం కలుగుతుంది, కాని ఏ హక్కుకూ భంగం కలగలేదు కనుక దావా చెల్లదు. ఇది ‘డామ్నమ్ సైన్ ఇంజ్యూరియా’. 1410 నాటి గ్లోస్టర్ గ్రామర్ స్కూలు కేసులో ఇంగ్లండ్ కోర్టు చెప్పింది ఇదే. అక్కడ దుకాణానికి బదులు పోటీ పాఠశాల. దీనికి తలకిందులు ‘ఇంజ్యూరియా సైన్ డామ్నో’. 1703 నాటి యాష్‌బీ, వైట్ కేసులో ఓటు వేయనీయకుండా అడ్డుకున్న వ్యక్తి కోరిన అభ్యర్థే గెలిచాడు. డబ్బు నష్టమేమీ లేదు. అయినా ఓటుహక్కుకు భంగం కలిగింది కనుక అతనికి పరిహారం లభించింది. పంచాయతీ ఎన్నికలు చూసిన మనవారికి ఇది వివరించి చెప్పనవసరం లేదు.

ఒప్పందాల చట్టం 1872 నాటిది. అందులో ప్రతిపాదన, అంగీకారం, ప్రతిఫలం అనే మూడు మాటలు ముందు అర్థం చేసుకోవాలి. ప్రతి కాంట్రాక్టూ ఒప్పందమే గాని ప్రతి ఒప్పందమూ కాంట్రాక్టు కాదు. చట్టం ద్వారా అమలుపరచదగిన ఒప్పందమే కాంట్రాక్టు. మైనరు చేసుకున్న ఒప్పందం మొదటి నుంచీ చెల్లదని 1903లో మొహరీ బీబీ కేసులో ప్రీవీ కౌన్సిల్ చెప్పింది. పదిహేడేళ్ల కుర్రవాడు ప్రామిసరీ నోటు రాసిస్తే ఏమవుతుందన్న రూపంలో ఈ ప్రశ్న రావచ్చు.

302 పోయింది, 103 వచ్చింది

అభ్యర్థులు అత్యంత జాగ్రత్త వహించవలసిన విషయమిది. 2024 జులై 1 నుంచి దేశంలో మూడు పాత చట్టాల స్థానంలో కొత్తవి అమలులోకి వచ్చాయి. 1860 నాటి భారత శిక్షాస్మృతి స్థానంలో భారతీయ న్యాయ సంహిత, 1973 నాటి నేర విచారణ స్మృతి స్థానంలో భారతీయ నాగరిక సురక్షా సంహిత, 1872 నాటి సాక్ష్య చట్టం స్థానంలో భారతీయ సాక్ష్య అధినియం వచ్చాయి. శిక్షాస్మృతిలో 511 సెక్షన్లు ఉండగా న్యాయ సంహితలో 358 ఉన్నాయి. కాని బస్టాండుల్లో, పాత పుస్తకాల అంగళ్లలో దొరికే గైడ్లలో ఇంకా పాత సెక్షన్లే దర్శనమిస్తున్నాయి. అట్ట మీద కొత్త సంవత్సరం ముద్రించి లోపలి పుటలు మార్చనివి సైతం ఈ విలేఖరి కంటపడ్డాయి. కొనేముందు హత్యకు శిక్ష ఏ సెక్షన్‌లో ఉందో ఆ పుట తెరిచి చూడడం ఒక్క నిమిషం పని.

హత్యకు శిక్ష విధించే 302 ఇప్పుడు న్యాయ సంహితలో 103వ సెక్షన్. వాడుక భాషలో తిట్టుగా మారిపోయిన 420 నేడు 318లోని నాలుగో ఉపసెక్షన్. నిర్లక్ష్యంతో మరణానికి కారణం కావడం 304ఎ నుంచి 106కు, వరకట్న మరణం 304బి నుంచి 80కి, భార్య పట్ల క్రూరత్వం 498ఎ నుంచి 85కు మారాయి. ప్రథమ సమాచార నివేదిక పాత స్మృతిలో 154 కాగా సురక్షా సంహితలో 173. అన్నిటికన్నా ఎక్కువగా తికమకపెట్టేది 144. నలుగురికి మించి గుమికూడరాదంటూ దండోరా వేయించే నిషేధాజ్ఞల సెక్షన్‌గా అది ఊరూరా సుపరిచితం. ఇప్పుడు నిషేధాజ్ఞలు 163వ సెక్షన్ కిందికి వెళ్లాయి. కొత్త సంహితలో 144 భార్యాబిడ్డలకు మనోవర్తి ఇప్పించే సెక్షన్. పాత స్మృతిలో మనోవర్తి 125 కింద ఉండేది. రాజద్రోహం పేరుతో ఉన్న 124ఎ కొత్త చట్టంలో లేదు. దేశ సార్వభౌమత్వానికి, సమైక్యతకు భంగం కలిగించే చర్యలపై 152 ఉంది. చిన్న నేరాలకు సమాజసేవను శిక్షగా విధించడం కొత్తగా వచ్చిన అంశం.

కోర్టుకు వెళ్తే మాత్రం నేటికీ 302, 498ఎ అన్న మాటలే వినిపిస్తాయి. 2024 జులై 1కి ముందు జరిగిన నేరాలకు పాత శిక్షాస్మృతే వర్తించడం ఇందుకు కారణం. కాబట్టి రెండు సంఖ్యలనూ పక్కపక్కన రాసుకుని చదవాలి.

పరిభాష విషయంలోనూ ఇదే పద్ధతి పనికి వస్తుంది. ప్రశ్నపత్రంలోని తెలుగు అనువాదం కొన్నిచోట్ల మనం ఎన్నడూ వినని సంస్కృత పదాలతో ఉంటుంది. ‘టార్ట్’ అంటే తెలిసిన విద్యార్థి ‘అపకృత్యం’ అనగానే నివ్వెరపోతాడు. అనువాదం అర్థంకాని చోట అదే తెరమీద ఉన్న ఇంగ్లిష్ ప్రశ్నను కూడా చూసుకోవాలి. ఇందుకోసం ఓ రెండు వందల న్యాయ పదాలను తెలుగు, ఇంగ్లిష్ జంటలుగా ఒక చేతిపుస్తకంలో రాసుకుంటే సరిపోతుంది. వాది, ప్రతివాది, డిక్రీ, అఫిడవిట్ వంటివి ఇంట్లో దావా కాగితం ఉన్నవారికి కొత్తవేమీ కావు.

మిగిలిన 60 మార్కులు

వర్తమాన వ్యవహారాలకు పరీక్షకు ముందు ఏడాది కాలంలోని ముఖ్యాంశాలు చూడాలి. దినపత్రికను మించిన గైడు దీనికి లేదు. పత్రికలో పనిచేస్తూ ఈ మాట చెప్పడం స్వోత్కర్షగా తోచినా వాస్తవం అదే. సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనాల తీర్పులు, కొత్త చట్టాలు, రాజ్యాంగ సవరణలు, నియామకాలు, పురస్కారాలు, క్రీడలు తేదీలతో రాసుకోవాలి. చట్టసభల్లో మహిళలకు మూడోవంతు స్థానాలు కల్పించే 106వ సవరణ 2023లో వచ్చింది. ఇటువంటివి వర్తమాన వ్యవహారాల్లోనూ, రాజ్యాంగంలోనూ రెండుచోట్లా ఉపకరిస్తాయి.

మానసిక సామర్థ్యంలో సంఖ్యాశ్రేణులు, కోడింగ్, దిక్కులు, గడియారం, క్యాలెండరు, శాతాలు, రక్తసంబంధాలు ప్రధానం. రక్తసంబంధాల్లో మనవారికి ఒక ప్రత్యేక సమస్య ఉంది. ఇంగ్లిష్‌లో ‘అంకుల్’ అన్న ఒక్క పదానికి మనకు పెదనాన్న, చిన్నాన్న, మేనమామ, మామయ్య అని అరడజను వరసలున్నాయి. పైగా మేనరికాలు వాడుకగా ఉన్న సీమలో మేనమామే మొగుడు కావచ్చు. ఆ లెక్కలు ఇక్కడ పనికిరావు. ప్రశ్నలో చెప్పిన సంబంధాలను మాత్రమే బొమ్మ గీసుకుని చూడాలి.

ఒక్కో ప్రశ్నకు సగటున దక్కేది 45 సెకన్లే. వర్తమాన వ్యవహారాల్లో తెలిస్తే తెలుస్తుంది, లేకుంటే ఆలోచించి ప్రయోజనం లేదు. ఆ 30 ప్రశ్నలను పది నిమిషాల్లో ముగించవచ్చు. అభిరుచి విభాగానికి 45 నిమిషాలు, ‘ఎ’ విభాగానికి 30 నిమిషాలు కేటాయిస్తే చివర ఐదు నిమిషాలు మిగులుతాయి. ఆ ఐదు నిమిషాల్లో వదిలేసిన ప్రశ్నలన్నిటికీ ఏదో ఒక జవాబు గుర్తించాలి. కోత లేదు కనుక నాలుగు ఐచ్ఛికాల్లో ఒకటి ఎంచినా, 20 ప్రశ్నలకు సగటున అయిదు కలిసివచ్చే అవకాశముంది. ర్యాంకుల్లో అయిదు మార్కులంటే చిన్న విషయం కాదు. క్లాట్ కూడా రాసేవారు మాత్రం అక్కడ ఈ పద్ధతి పాటించరాదు.

సెల్‌ఫోను తెర మీద వేలు కదపడం అలవాటైన మన పిల్లలకు మౌస్ పట్టుకోవడం కొత్త. అధికారిక వెబ్‌సైట్‌లో ఉంచే నమూనా పరీక్షను ఇంటర్నెట్ కేంద్రంలోని కంప్యూటర్ మీద కనీసం మూడు నాలుగు సార్లు, గడియారం పెట్టుకుని రాయాలి. జవాబును గుర్తించి ‘సేవ్’ నొక్కకుండా తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోవడం మొదటిసారి రాసేవారు చేసే సాధారణ తప్పు.

డిగ్రీ తర్వాత

న్యాయవాద పట్టా పొందినవారు రాష్ట్ర బార్ కౌన్సిల్‌లో నమోదై, 2011లో మొదలైన అఖిల భారత బార్ పరీక్షలో ఉత్తీర్ణులు కావాలి. చట్టంలో ఉన్న నమోదు రుసుము ఓసీ, బీసీలకు 750, ఎస్సీ, ఎస్టీలకు 125 రూపాయలు కాగా అంతకుమించి వసూలు చేయరాదని సుప్రీంకోర్టు 2024 జులై 30న తీర్పు చెప్పింది. చదువు ముగియగానే జూనియర్ సివిల్ జడ్జి పరీక్ష రాయాలనుకునేవారు మరొక తీర్పు కూడా తెలుసుకోవాలి. ఆ పదవికి కనీసం మూడేళ్లు న్యాయవాదిగా పనిచేసి ఉండాలని సుప్రీంకోర్టు 2025 మే 20న నిర్దేశించింది. అంటే పట్టా వచ్చిన తర్వాత కూడా కొన్నేళ్లు సీనియర్ వద్ద తక్కువ రాబడితో గడపవలసి ఉంటుంది. ప్రవేశం నాడే కుటుంబమంతా కూర్చుని ఈ లెక్క వేసుకోవాలి.

పరీక్ష రోజున కేంద్రంలో బయోమెట్రిక్ హాజరు తీసుకుంటారు. వేళ దాటాక లోపలికి పంపరు. మారుమూల గ్రామాల వారు ఉదయం తొలి బస్సును నమ్ముకోకుండా ముందురోజు రాత్రికే జిల్లా కేంద్రం చేరుకోవడం క్షేమం. ర్యాంకు వచ్చిన తర్వాత బదిలీ, స్టడీ, కుల, ఆదాయ ధ్రువపత్రాలను సిద్ధంగా ఉంచుకోవాలి. వీటికోసం కౌన్సెలింగ్ తేదీ దాకా ఆగితే రెవెన్యూ కార్యాలయం చుట్టూ తిరగడానికే సమయం చాలదు. కళాశాలల ఎంపికను ఇంటర్నెట్ కేంద్రం కుర్రవాడికి వదిలివేయరాదు. పాస్‌వర్డు కూడా అతని వద్ద ఉంచరాదు. ముందుగా తెల్లకాగితం మీద కళాశాలల పేర్లు, ఫీజు, ఊరి నుంచి దూరం, హాస్టలు వసతి వరుసగా రాసుకుని, చేరడానికి సిద్ధంగా ఉన్నవాటినే ఇష్టం తగ్గే క్రమంలో నమోదు చేయాలి. చివరి తేదీలోగా ఎన్నిసార్లయినా మార్చుకునే వీలుంటుంది గనుక, తుది జాబితాను ప్రింటు తీసుకుని ఇంటికి తెచ్చి మరోసారి సరిచూసుకోవాలి.